నడిచిన పొద

నీలమ్మకు కత్తి కావాలి. అదీ ఈ చలికాలంలోనే కావాలి.

వెదురు నరికే కత్తి సంతలో దొరకదా అని మీరు అడగవచ్చు. దొరుకుతుంది, పిడి బిగించి మరీ ఇస్తారు. కానీ సిద్ధవ్వ మఠం వెనకున్న వెదురు పొదల్లో ఆ కత్తి చెల్లదు. అక్కడ నరకాలంటే సిద్ధవ్వ చేతి నుంచి అందుకున్న కత్తే ఉండాలి.

మఠమంటే గోపురాలూ గంటలూ అనుకోకండి. గుట్ట కింద, సన్నగా పారే ఒర్రె పక్కన రెండు గుడిసెలు, ఒక పొడవాటి పాక, అంతే. పాకలో ఎప్పుడు చూసినా ఆడవాళ్లు వెదురు బద్దలు చీలుస్తూ, గంపలూ చాటలూ అల్లుతూ కనిపిస్తారు. సిద్ధవ్వ మెడలో లింగకాయ వేసుకున్న ముసలమ్మ. నాలుగు మంచి మాటలు చెప్పమంటే నవ్వి ఊరుకుంటుంది. అల్లడం నేర్పమంటే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి నేర్చుకునేవాళ్లంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు.

మఠానికి ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరిన శిష్యురాలు ఆ ఏటి వానలకు పుట్టిన వెదుర్లలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. వానలు వెలిసి, దాని మీది పొర రాలిపోయాక కత్తి మొనతో తన గుర్తు గీసుకుంటుంది. అది ఇక ఆమె తోబుట్టువు. నాలుగేళ్లకు అది ముదిరి పండుతుంది. అప్పుడు దాన్ని తన చేత్తోనే నరికితే అవ్వ కత్తి ఇస్తుంది. కత్తి అందుకున్నామె తన ఊరి ఆడవాళ్ల కోసం ఆ పొదల్లో నరుక్కోవచ్చు. అందుకోని వాళ్లు అవ్వ నరికి ఇచ్చినంతే తీసుకుపోవాలి.

ఇదంతా చాదస్తమన్నవాళ్లు లేకపోలేదు. వాళ్లతో అవ్వ వాదానికి దిగదు. ఒర్రెకు అవతల ఉన్న గుట్టను చూపిస్తుంది. ఒకప్పుడు అక్కడా వెదురే ఉండేది. ఎవరి కత్తి వాళ్లది, ఎవరికి అందింది వాళ్లు నరుక్కున్నారు. ఇప్పుడు అక్కడ రాళ్లూ ముళ్లకంపా తప్ప ఇంకేమీ లేదు.

నీలమ్మ మఠంలో చేరి నాలుగేళ్లు నిండాయి. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆమె అల్లిన చాటలో నువ్వులు చెరిగినా గింజ జారదు. లేనిదల్లా కుదురే. కాలు కాలిన పిల్లిలా పాకలోంచి బయటికీ, బయటినుంచి పాకలోకీ తిరుగుతూనే ఉంటుంది. ఒక గంపకు అంచు కట్టకముందే ఇంకో గంపకు అడుగు వేస్తుంది. "ఆలస్యం అమృతం విషమంటరు గదవ్వా" అని రోజుకోసారైనా అంటుంది. అవ్వ ఆ అమృతం జోలికి పోదు. "ఆ బద్ద ఇంకింత సన్నగ గియ్యి" అంటుంది.

నీలమ్మ తొందరకు కారణం ఉంది. ఏటా చలికాలం మధ్యలో ఆమె ఊరికి కూలీల మేస్త్రి ట్రాక్టరు వస్తుంది. ఆడవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను బడి మాన్పించి, మూటాముల్లె సర్దుకుని ఎక్కడో దూరాన మిరప తోటల్లో కాయ ఏరడానికి పోతారు. నీలమ్మ కూడా చిన్నప్పుడు తల్లి వెంట పోయింది. తల్లి ఎన్నిసార్లు చేతులు కడుక్కుని అన్నం కలిపి పెట్టినా నోరు మండేది. ఏడిస్తే తల్లి కూడా ఏడ్చేది. ఆ మంట నీలమ్మ ఈనాటికీ మరిచిపోలేదు.

అందుకే అవ్వ దగ్గర నేర్చుకున్న పనంతా తన ఊరి ఆడవాళ్లకు నేర్పింది. వాళ్లకు చెయ్యి తిరిగింది. గంపలకు సంతలో గిరాకీ ఉంది. చాలనిది వెదురే. రెండేళ్లుగా నడుము పట్టేసి అవ్వ చిన్న పొదల్లోనే నరుకుతోంది. ఆమె ఇచ్చేది ఇద్దరు ముగ్గురికి మించి సరిపోవడం లేదు.

"ఈసారి ట్రాక్టరు ఎక్కకున్రి. చలికాలానికి కత్తి నా చేతికొస్తది. కావలసినంత వెదురు తెస్త," అని నీలమ్మ వాళ్లకు మాట ఇచ్చింది.

ఎల్లుండి పొద్దున ట్రాక్టరు వస్తుందని కబురొచ్చింది. నీలమ్మకు మాత్రం తన తోబుట్టువు కనపడలేదు.

పొద్దున్నుంచీ ఎండ నడినెత్తికొచ్చేదాకా వెతికింది. ఆ తర్వాత విసవిసా పాకలోకి వచ్చింది.

"అవ్వా, నా తోబుట్టువును ఎవరో నరికిన్రు."

పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. అవ్వ చెయ్యి మాత్రం బద్ద గీస్తూనే ఉంది.

"యాడ ఎతికినవ్?"

"యాడ గుర్తు పెట్టిన్నో ఆడనే. పెద్ద పొదకు, నల్లగుండు బండ దిక్కు. అంచుకు ఉండె. నాకు మంచిగ యాదున్నది."

"ఉంటది. మంచిగ ఎతుకు."

"ఉంటే కండ్లకు కనపడదా అవ్వా? కొత్తగ వచ్చినోళ్లకు గుర్తులంటే బయం లేకుంటైంది."

ఆ మాట ఎవరిని అన్నదో అందరికీ తెలిసింది. మొన్నటి వానలకు మఠంలో చేరింది రేణుక ఒక్కతే. ఇరవై నిండని పిల్ల. పెళ్లైన ఏడాదికే మొగుడు వదిలేసి పోతే, పుట్టింట్లో వదినల మాటలు పడలేక ఇక్కడికి వచ్చింది. తన తోబుట్టువుకు ఈమధ్యనే గుర్తు గీసుకుంది. రోజూ గిన్నెలు కడిగిన నీళ్లు తీసుకుపోయి దాని మొదట్లో పోస్తుంది. ఒర్రె ఒడ్డున ఉన్న వెదురుకు నీళ్లు పోయడమేమిటని అందరూ నవ్వుతారు. నవ్వించుకుంటూనే పోస్తుంది.

"నేను దేన్ని ముట్టలేదక్కా," అంది రేణుక.

"నిన్నన్ననా? గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు బుజాలు తడుముకుంటవ్?"

రేణుక తల దించుకుంది. అవ్వ తలెత్తి నీలమ్మను చూసింది. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు నయమనిపించింది నీలమ్మకు.

"పోనీ, వేరేది నరుకుత. దాన్నే నాదనుకో అవ్వా. ఎల్లుండే ట్రాక్టరు."

"అట్లెట్లయితది?" అంది అవ్వ. మళ్లీ బద్ద మీదికి వంగింది.

ఆ సాయంత్రం నీలమ్మ ఊళ్లోకి పోయేసరికి పక్కింటి పోశక్క వాకిట్లో కూర్చుని మూట కడుతోంది. గిన్నెలు, దుప్పటి, ఉప్పు కారాల డబ్బా, అన్నీ ముందేసుకుంది. ఆమె కూతురు బడి సంచి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"కత్తి వచ్చిందా?" అని అడిగింది పోశక్క.

"రేపొస్తది."

"నిన్న గూడ రేపే అన్నవ్."

నీలమ్మ ఇంట్లోకి పోయింది. అన్నం వండుకుంది కానీ తినలేదు.

మర్నాడు అవ్వ పొద్దున్నే పక్కూరికి వెళ్లింది. అవ్వ కత్తి పాకలో గుంజకు వేలాడుతోంది. అందరూ అన్నాలకు లేచిన వేళ నీలమ్మ దాన్ని తీసుకుంది. దొంగతనం చేస్తున్నానని అనుకోలేదు. రావలసినదే కాస్త ముందు తీసుకుంటున్నానని అనుకుంది. మనసుకు ఏది కావాలో దానికి తగ్గ మాట అదే వెతికిపెడుతుంది.

పెద్ద పొద అంచున వెదుర్లు నున్నగా, పచ్చగా, ఒంటి మీద తెల్లటి పొడితో నిలబడి ఉన్నాయి. వాటికి ఇంకా ముళ్లు గట్టిపడలేదు. ఒక్క వేటుకు ఒకటి తెగుతోంది. లోపలంతా ముళ్లకొమ్మలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని చీకటిగా ఉంది. ఆమె ఎన్నడూ లోపలికి దూరలేదు. అవ్వ దూరి నరికితే తను బయట నిలబడి కట్టలు కట్టేది.

లేత వెదురుతో అల్లిన గంప ఎండాక వదులైపోతుందని ఆమెకు తెలుసు. అంచు నరికితే పొద బలం పోయి, వచ్చే ఏడు సరిగా మొలక వేయదనీ తెలుసు. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకుంది. అవతలి గుట్ట మీద నరికినవాళ్లంతా కూడా ఆ మాటే అనుకుని ఉంటారు.

కట్ట నెత్తిన పెట్టుకుని ఒర్రె దారి పట్టింది. మలుపులో అవ్వ ఎదురొచ్చింది.

అవ్వ ముందు కట్టను చూసింది, తర్వాత నడుముకు దోపిన తన కత్తిని చూసింది.

"దించు," అంది.

నీలమ్మ దించింది. అవ్వ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వెదురునూ చేత్తో తడిమి పక్కకు దొర్లిస్తూ పోయింది. ఒక దాని దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని ఇటు తిప్పింది. మొదటి గణుపు పైన ఐదు రేకుల పువ్వు గీసి ఉంది. రేణుక గుర్తు.

నీలమ్మ కూడా వంగి చూసింది.

"నేను సూడలే అవ్వా. గుర్తు ఎనక దిక్కున్నది."

"ఊఁ."

"తొందరల సూడలే."

"ఎత్తుకో. తీస్కపోయి ఆ పిల్ల ముందల పెట్టు," అంది అవ్వ.

ఊళ్లో ఆడవాళ్ల ముందు పెట్టి మెప్పు పొందాలనుకున్న కట్టను నీలమ్మ వెనక్కి మోసింది. పాక ముందుకు వచ్చేసరికి రేణుక గిన్నెలు కడగడం అయిపోయి, ఆ నీళ్ల గిన్నె చంకన పెట్టుకుని పొద వైపు బయల్దేరుతోంది. నీలమ్మ కట్ట దించి, పువ్వు గుర్తున్న వెదురును విడిగా తీసి ఆమె ముందు పెట్టింది.

రేణుక వంగి చూసింది. ఏడవలేదు, అరవలేదు. చంకలో నీళ్ల గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఆ నీళ్లు ఇక ఎక్కడ పోయాలో ఆమెకు తోచలేదు.

ఆమె తిట్టినా బాగుండునని నీలమ్మ ఎదురుచూసింది. చివరికి తనే అవ్వ మీదికి తిరిగింది.

"తప్పు జేసిన. మరి నాది నరికినోళ్ల సంగతేంది? నాలుగేండ్లు ఎదురు జూసిన. మా ఊరి ఆడోళ్లు మూటలు గట్టుకోని కూసున్నరు. నేను పోయి ఏం మొకం జూపాలె? ఏమన్న జెప్పవ్వా. నువ్వెప్పుడూ ఏం జెప్పవు."

అవ్వ పాక చూరులోంచి కొక్కెం కర్ర ఒకటి లాగింది.

"పా," అని ముందు నడిచింది.

పెద్ద పొద దగ్గర నల్లగుండు ఉంది. ఏనుగు పడుకున్నంత బండ. అవ్వ కర్రతో దాన్ని చూపించింది.

"ఎక్కి కూసో."

నీలమ్మ కూర్చుంది.

"చెయ్యి సాపు."

చాపింది. వేళ్లకు వెదురు తగిలింది. అరచేతి నిండా అందింది.

"నువ్వు గుర్తు పెట్టిన్నాడు గూడ ఈ బండ మీదనే కూసున్నవు. నేను ఆడ నిలబడి జూసిన. ఆనాడు ఇట్లనే అందిందా?"

"లేదు," అంది నీలమ్మ. "దిగి నడిచిపోయిన. బండకు పొదకు నడుమ మనం అన్నం తిన్నం. విస్తర్లు పరుచుకోని..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె కింద చూసింది. విస్తర్లు పరిచిన చోటు లేదు. అక్కడంతా వెదురే. పొద బండను ఒరుసుకుని, ఒక పక్క బండ మీదికి కూడా ఒరిగి ఉంది.

"నీ తోబుట్టువు పుట్టినకాడనే ఉన్నది. పొదనే నడిచింది," అంది అవ్వ.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నీలమ్మ పని. వెదురు పొద ఏటా బయటికే పిల్లలు వేస్తుందని, నిన్నటి అంచు రేపటికి లోపలవుతుందని మఠంలో తెలియనివాళ్లు లేరు. నీలమ్మకూ తెలుసు. అయినా నాలుగేళ్లూ ఆమె తలలో పొద ఎక్కడిదక్కడే ఉండిపోయింది, తను ఒక్కతే ముందుకు పరిగెత్తుతున్నట్టు ఆమె అనుకుంది.

ఆమె బండ మీదనుంచి దూకి పొదలోకి చొరబడింది. రెండడుగులు వేసిందో లేదో ముళ్లు కొంగును పట్టుకున్నాయి. లాగితే జబ్బలను పట్టుకున్నాయి. విదిలించుకుంటే జుట్టును పట్టుకున్నాయి. ఎంత గుంజితే అంత బిగిశాయి. చివరికి ముందుకూ వెనక్కీ కదల్లేక నిలబడిపోయింది.

అవ్వ తొందరపడలేదు. కొక్కెంతో ఒక్కో కొమ్మను పక్కకు పట్టి, ఒక్కో ముల్లునూ తీసింది. ఆ కాసేపూ నీలమ్మ గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.

"లోపల ఉన్నయా అవ్వా, పండినవి?"

"మస్తున్నయి. రెండేండ్ల సంది ఎవ్వరు పోలే. పండినవి పండినట్టే ఎండుతున్నయి. గాలి ఆడక పొద ఉక్కిరిబిక్కిరైతున్నది."

"ఒక్కదానితోని గాదు గదా."

"గాదు."

"ఎంతమంది గావాలె?"

"ఎంతమంది వస్తరు?" అని అడిగింది అవ్వ.

తెల్లవారి నీలమ్మ పోయేసరికి ట్రాక్టరు ఊరి మొగదలకు వచ్చి ఆగి ఉంది. మేస్త్రి తొందరపెడుతున్నాడు. కొందరు ఎక్కేశారు. పోశక్క మూట నెత్తిన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది.

"కత్తి?" అంది.

నీలమ్మకు అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. మింగింది.

"రాలే. వస్తదో రాదో గూడ తెల్వదు. నిన్న దొంగతనంగ నరికిన. అది గూడ లేతది, ఇంకొక పిల్ల గుర్తు పెట్టుకున్నది."

ట్రాక్టరు మీదున్నవాళ్లు కూడా మాటలు ఆపి విన్నారు.

"మరి ఎందుకొచ్చినవ్?" అంది పోశక్క.

"పెద్ద పొద లోపల పండిన వెదురున్నది. మనందరికి చలికాలమంత సరిపోతది. ముండ్లు గుంజి తొవ్వ జెయ్యాలె. నేను ఒక్కదాన్ని జెయ్యలేను. కత్తి దొరకకుంటే మీ కష్టం ఉత్తదే పోవచ్చు. అది గూడ ముందే జెప్తున్న."

"గొప్పగ పిలువొచ్చింది," అన్నారెవరో ట్రాక్టరు మీదనుంచి. ఒకరిద్దరు నవ్వారు.

పోశక్క నవ్వలేదు. నీలమ్మ జబ్బల మీద ఎండిన నెత్తుటి గీతలు చూసింది. నాలుగేళ్లుగా ఈ మనిషి నోటి వెంట రేపు, ఎల్లుండి అన్న మాటలే విన్నది. రాదేమో, తెలియదు అన్న మాట ఇదే మొదలు. పోశక్క మూటను నేల మీదికి దించింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు దించారు. ట్రాక్టరు మీదనుంచి ఒకామె మేస్త్రి తిట్లు పట్టించుకోకుండా దిగింది. మిగతావాళ్లు దిగలేదు. వాళ్లను తీసుకుని ట్రాక్టరు వెళ్లిపోయింది. నీలమ్మ అది కనుమరుగయ్యేదాకా చూసి, మనసు కష్టంగా ఉన్నా వెనక్కి తిరిగింది.

ఆ రోజంతా పెద్ద పొద దగ్గర పని జరిగింది. ఇద్దరు కొక్కేలతో కొమ్మలు వంచి పట్టుకుంటే, ఇద్దరు ముళ్లు కొట్టారు, మిగతావాళ్లు కంప లాగి దూరంగా కుప్ప వేశారు. రేణుక కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. నీలమ్మకు దూరంగా, కుప్ప దగ్గరే పని చేసింది. ఎండిపోయిన పాత వెదుర్లు ముట్టుకుంటే విరిగి పడ్డాయి. నీలమ్మకు ఒకటి రెండు సార్లు పాత కుదురులేమి వచ్చి ముళ్లను గుంజబోయింది. పోశక్క "ఆగు" అంటే ఆగింది.

పొద్దు వాలే వేళకు లోపలి దాకా దారి పడింది. గాలి దూరింది. అక్కడ వెదుర్లు బూడిద రంగుకు తిరిగి, బిరుసుగా, చేత్తో కొడితే ఖణేలుమనేలా ఉన్నాయి. వాటి నడుమ ఒక దాని మీద రెండు నిలువు గీతలు, ఒక అడ్డగీత కనిపించాయి. నీలమ్మ గుర్తు. గీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

నీలమ్మ దాని పక్కన కూర్చుని ఏడ్చింది. దొరికిందని ఏడ్చిందో, దొరకలేదని రేణుకను అన్న మాటకు ఏడ్చిందో ఆమెకే తెలియదు.

అవ్వ కత్తి అందించింది. నీలమ్మ నేలకు కాస్త పైన, గణుపు మీదుగా నరికింది. ముదిరిన వెదురు ఒక పట్టాన తెగలేదు. తెగాక అందరూ కలిసి బయటికి లాగారు.

దాన్ని భుజాన వేసుకుని నీలమ్మ నేరుగా రేణుక దగ్గరికి పోయింది. ఆమె కాళ్ల ముందు పెట్టింది.

"ఇది నీది. దీన్నే నీ తోబుట్టువనుకోని నువ్వే కత్తి తీస్కో."

రేణుక ఆ వెదురును చాలాసేపు చూసింది.

"నాది ఇది గాదక్కా. నాది నువ్వు నరికినవ్," అంది.

నీలమ్మ దగ్గర ఇక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆమె వెనక్కి నడిచి కత్తిని అవ్వ ఒళ్లో పెట్టింది.

"నాకియ్యకవ్వా."

పోశక్క తెరిచిన దారి వైపు చూసింది. లోపల చలికాలమంతా సరిపడా వెదురు కళ్లముందే ఉంది. మరి కత్తి లేకపోతే ఎవరు నరుకుతారు? వెళ్లిపోయిన ట్రాక్టరు తిరిగి రాదు. మూట దించిన ఆడవాళ్లంతా అవ్వ మొహం వైపు చూశారు.

అవ్వ లేచింది. కత్తిని రేణుక ముందు నేల మీద పెట్టింది.

"ఇది నేనిచ్చేది గాదు బిడ్డా. ఎవరిది నరికినమో వాళ్లియ్యాలె," అంది. చేతులు దులుపుకుని, పొద నుంచి వచ్చే గాలికి ఎదురుగా నల్లగుండు మీద పోయి కూర్చుంది.

రేణుక కత్తిని ముట్టుకోలేదు.

నీలమ్మ పొద అంచుకు వెళ్లింది. తన చేతిలో తెగకుండా మిగిలిన లేత వెదుర్లు అక్కడక్కడ ఉన్నాయి. వాటి ముందు నిలబడి, తిరిగి చూడకుండానే అంది.

"నీకు నచ్చింది నువ్వే సూసుకో రేణుకా. దానికి కావలి నేనుంట."

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. రేణుక ఒక్కో వెదురునూ తడిమి చూసింది. చివరికి ఒక దాని దగ్గర ఆగింది. వెనక్కి పోయి కత్తి తెచ్చుకుని, మొనతో మెల్లగా పువ్వు గీసింది. ఐదు రేకులూ తీరుగా వచ్చేదాకా గీసింది. అప్పుడు గానీ నోరు విప్పలేదు.

"ఎండకాలం గుట్టకు నిప్పు పడ్తది. అప్పుడు?"

"ఈడనే ఉంట."

"వానలల్ల మేకలొస్తయి."

"ఈడనే ఉంట."

"నాలుగేండ్లు."

నీలమ్మ ఈసారి తల మాత్రం ఊపింది.

రేణుక పొద లోపలికి తెరిచిన దారిని చూసింది. దారి పక్కన, నెత్తుటి గీతలు పడ్డ చేతులతో నిలబడిన పరాయి ఊరి ఆడవాళ్లను చూసింది. కత్తిని అటు తిప్పి, పిడి నీలమ్మ వైపు ఉండేలా చాపింది.

నీలమ్మ దాన్ని వెంటనే అందుకోలేదు. ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.